తుని నోటుబుక్కు, అరకు రైలు

కిరండూల్ పాసింజరు విశాఖలో ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. ఆరింటికల్లా తొమ్మిదిమందిమి ప్లాట్‌ఫారం మీద చేరాం. పులిహోర డబ్బాలు, ఫ్లాస్కులు, శాలువాలు, మోకాళ్ళ పట్టీలు. "ఏటే చోడవరం, ఇలా చిక్కిపోయావేటే?" అని బొబ్బిలి నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. చోడవరం అంటే నేనే. మా క్లాసులో లక్ష్ములే ముగ్గురు, పద్మలు ఇద్దరు. అందుకని హాస్టల్లో ఊరి పేర్లతో పిలుచుకునేవాళ్ళం. పెళ్ళిళ్ళయ్యాక ఇంటిపేర్లు మారాయి, ఊళ్ళు మారాయి, ఆ పిలుపు మాత్రం మారలేదు. ఇప్పుడు నన్ను చోడవరం అని పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద వీళ్ళే.

మాది 1984–87 బీఎస్సీ, బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. చివరి ఏడాది, అంటే 1986 డిసెంబరులో, ఇదే రైల్లో బోటనీ టూరుకి అరకు వెళ్ళాం. పాత పేపర్ల కట్టలు, ఎండబెట్టిన మొక్కలు అంటించే హెర్బేరియం షీట్లు ఒళ్ళో పెట్టుకుని. మళ్ళీ అందరం కలిసి అదే రైలెక్కడానికి 2024 డిసెంబరు దాకా పట్టింది.

శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేసరికి కొండలు దగ్గరికొచ్చేశాయి. అక్కణ్ణుంచి ఎక్కుడే. ఈ లైన్లో మొత్తం 58 సొరంగాలు. అప్పట్లో ఒక్కో సొరంగానికీ కేకలు పెడుతూ లెక్కపెట్టాం. ఈసారి కూడా మొదటి చీకటి పడగానే టెక్కలి కేక పెట్టింది. పక్క సీట్లో చంటిపిల్లాడు ఉలిక్కిపడి, ఆ తర్వాత తనూ మొదలెట్టాడు.

మధ్యలో ఒక స్టేషన్లో రైలు చాలాసేపు ఆగిపోయింది. ఖనిజం బండికి దారివ్వాలి. అసలు ఈ లైను వేసిందే దానికోసం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి 1960ల్లో ఈ కొండల్ని తొలిచారు. ఎర్రదుమ్ము పట్టిన వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి దిగిపోతుంటే, తుని సంచీలోంచి నోటుబుక్కు తీసింది.

దాని గురించి చెప్పాలి. 1987లో పరీక్షల ముందు మేమందరం ఆటోగ్రాఫ్ పుస్తకాలు పట్టుకుని కవితలు రాయించుకుంటుంటే, తుని మాత్రం ఈ లాంగ్ నోట్సు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా అడ్రసు రాయించుకుంది. పుట్టింటి అడ్రసు, కేరాఫ్ నాన్నగారి పేరుతో సహా. "రేపు మీ ఆయనలకి ఎక్కడెక్కడికి ట్రాన్స్‌ఫర్లో! అమ్మావాళ్ళిల్లు ఎక్కడికీ పోదు కదే," అంది. ఇరవై ఏళ్ళ పిల్లకి ఆ ఆలోచన ఎలా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

తుని రాసే ఇన్‌లాండు లెటరు మా చోడవరం ఇంటికి వచ్చేది. అమ్మ దాన్ని కవరులో పెట్టి నేనున్న ఊరికి పంపేది. పురిటికి వెళ్ళినప్పుడు దేవుడి గూట్లో పసుపు డబ్బా కింద నాకోసం మూడు ఉత్తరాలు దాచి ఉన్నాయి. ఎస్టీడీ బూత్‌లు వచ్చాక రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ ఉండేది. మా ఆయన అన్నం తినేసి, చెప్పులేసుకుని వెళ్ళి, ఫ్రెండ్సుతో తీరుబడిగా మాట్లాడొచ్చేవారు. రాత్రి పదకొండింటికి స్నేహితురాలితో మాట్లాడాలని ఏ కోడలు గడప దాటింది? మగవాళ్ళ స్నేహాలు వాటంతటవే నిలబడ్డాయనుకుంటారు గానీ, వాటికి వీధీ ఉంది, రాత్రీ ఉంది, జేబులో చిల్లరా ఉంది. మాకు ఉన్నది అమ్మ ఒక్కతే.

అమ్మలు పోవడం మొదలయ్యాక తెగిపోవడం మొదలైంది. ఇల్లు అమ్మేస్తారు, అన్నదమ్ములు తలోదారీ పడతారు, ఉత్తరం తిరిగొచ్చేస్తుంది. టెక్కలి అలాగే మాకు దొరక్కుండా పోయింది, పదకొండేళ్ళు. చివరికి తుని ఏదో పెళ్ళికి అటు వెళ్ళినప్పుడు ఆ వీధిలో దిగి, పాత టైలరు కొట్లో అడిగి, వాళ్ళ తమ్ముడి నంబరు పట్టుకుంది. ఆ పేజీలో మూడు అడ్రసులు కొట్టేసి ఉన్నాయి. మూడూ వేరువేరు రంగుల సిరాతో. నాలుగోది ఎర్ర పెన్నుతో, కింద రెండు గీతలతో. టెక్కలి ఆ గీతల మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. పాలకొండ పేజీలో మాత్రం ఇంకా ఒక్కటే అడ్రసు ఉంది, కొట్టేసి.

బొర్రా గుహల దగ్గర దిగాం. అన్ని మెట్లు దిగడం బొబ్బిలి మోకాళ్ళకి కుదరదు. ఆమెతో నేనుండిపోయాను. చుక్క చుక్కకీ సున్నం పేరుకుని స్తంభాలైన ఆ చోటు నేనొకసారి చూసిందే. కిందెక్కడో గోస్తని పారుతుంటుంది. మేము పైన బొంగు చికెన్ కొట్టు ముందు కూర్చున్నాం. నిప్పుల మీద వెదురు బొంగు తిప్పుతుంటే, మూతిలో కుక్కిన ఆకులు మాడి ఒకరకమైన పచ్చి పొగ వస్తోంది. నూనె చుక్క వెయ్యరు. పైన నల్లగా కాలిన బొంగుని కత్తితో చీలిస్తే, లోపల తెల్లటి గోడకి కారం రంగు అంటి ఉంది.

బొబ్బిలి పెళ్ళి చేసుకోలేదు. తమ్ముళ్ళని చదివించింది, టీచరుగా రిటైరవబోతోంది. "మా అమ్మ పోయినరోజు ఎవరికీ చెప్పలేదే. తునికి ఎలా తెలిసిందో, తెల్లారేసరికి బస్సు దిగి వచ్చేసింది. ఏమీ మాట్లాడలేదు, వచ్చినవాళ్ళందరికీ కాఫీలు కాచింది," అంది ఆకులో ముక్కలు కలుపుతూ. నాకు ఈ సంగతి తెలీదు. ఆ ఏడాది నేను ఆమెకి ఒక్క ఫోను కూడా చెయ్యలేదు. ఆ మాటే చెప్పాను. "ఇప్పుడొచ్చావు కదా, తిను," అంది.

అరకులో వలిసె పూలు అయిపోవస్తున్నాయి గానీ, ఇంకా అక్కడక్కడా పచ్చటి పసుపు మడులున్నాయి. గిరిజన మ్యూజియం చూశాం, ధింసా ఆడేవాళ్ళతో చేతులు కలిపి రెండు చుట్లు తిరిగాం. రాత్రి రెండు గదుల్లో పడుకోవాల్సినవాళ్ళం ఒకే గదిలో పరుపులు కింద పరుచుకుని తొమ్మిదిమందిమీ పడుకున్నాం. నిద్రపోయామని చెప్పలేను.

తిరుగుదారి వ్యానులో, ఘాటు రోడ్డు మీద. అనంతగిరి దగ్గర కాఫీ తోటల పక్కన ఆపించాం. ఎత్తుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. గిరిజన రైతులు పండించే ఈ అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎర్రటి పళ్ళు కోస్తున్న ఒకామె మాకేసి చూసి నవ్వింది.

రోడ్డు గట్టు మీద తుని వంగి ఒక ఫెర్న్ ఆకు తుంచింది. పైన ముదురాకుపచ్చ, వెనక్కి తిప్పితే వెండి పొడి అద్దినట్టు తెలుపు. ఆనాటి టూర్లో మేడం దీని పేరు చెప్పిన మరుక్షణం మేమందరం ఏం చేశామో గుర్తొచ్చింది. వరసగా చేతులు చాచాం. ఆకుని వెనకవైపు ఆనించి, మీద అరచేత్తో ఒక్కటి చరిచి తీస్తే, చెయ్యి మీద తెల్లటి ఆకు బొమ్మ పడింది, ఈనెలతో సహా. ముడతల్లో కొంచెం చెదిరింది.

కాఫీలు తాగుతుండగా నోటుబుక్కు మళ్ళీ బయటికొచ్చింది. తుని ప్రతి పేజీలోనూ కింద కొత్త గీత గీసి ఉంచింది. "పుట్టిళ్ళు అయిపోయాయే. ఇకనుంచి పిల్లల నంబర్లు రాయండి. నేను ఫోన్ చేస్తే ఎత్తి, అమ్మ ఎలా ఉందో చెప్పేవాళ్ళవి," అంది. మెల్‌బోర్న్, డాలస్, మియాపూర్, గాజువాక. మా అమ్మాయి నంబరు ఫోనులో చూసి మరీ రాశాను, నోటికి రాదు.

బొబ్బిలి పెన్ను పట్టుకుని కాసేపు ఆగింది. తర్వాత గబగబా పది అంకెలు రాసి పుస్తకం ఇచ్చేసింది. తుని కళ్ళజోడు పెట్టుకుని చూసింది. అది తుని నంబరే.