సాగర్‌లో శుక్రవారం: బావ ముందు పోయిన నా పరువు

రాత్రి పదకొండైంది. ఇల్లు చేరి గంట కాలేదు. బావ పక్క గదిలో గురక పెడుతున్నాడు, నాకు మాత్రం నిద్ర రావడం లేదు. అందుకే రాస్తున్నా.

మా అక్కను కాకినాడకు ఇచ్చాం. బావ మంచివాడే కానీ నల్లగొండ వచ్చినప్పుడల్లా ఒక్కటే పాట: "మీ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తప్ప ఏముందోయ్ చూడటానికి?" పన్నెండేళ్లుగా వింటున్నా. ఈసారి పిల్లలతో వచ్చారు కదా, నాగార్జునసాగర్ చూపించి ఆ నోరు మూయించాలని పంతం పట్టాను. రెండు రాత్రులు కూర్చుని చదివాను కూడా. నాగార్జునకొండ బౌద్ధ క్షేత్రంలో తవ్వకాలు, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, డ్యామ్ నీళ్లలో మునిగిపోయే కట్టడాలను ముందే విప్పి కొండ మీద, ఒడ్డునున్న అనుపులో మళ్లీ నిలబెట్టడం, అన్నీ నోటికొచ్చేశాయి.

కారు, హాలియాలో ఇడ్లీ, కాలువ కింద పచ్చటి పొలాలు, అంతా సాఫీగా సాగింది. డ్యామ్ దగ్గరా నాదే పైచేయి. 26 గేట్లలో నాలుగు ఎత్తి ఉన్నాయి. ఆ నురగ చూసి బావ తనే ఫోన్ తీసి వీడియో పట్టాడు. నేను ఊరుకుంటానా? "1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన రోజు మా తాత ఆ గుంపులో ఉన్నాడు బావా. ఆ తర్వాత ఇక్కడే రాళ్లు మోశాడు. ఇది రాతి కట్టడం, 124 మీటర్ల ఎత్తు" అని అందుకున్నాను. తాత గుంపులో ఉన్న సంగతి మా ఇంట్లో ఏటేటా కాస్త పెరుగుతూ వచ్చిందే అనుకోండి. రాళ్లు మోసింది మాత్రం నిజం.

తర్వాత, జలాశయం మధ్య దీవిలా మిగిలిన నాగార్జునకొండకు, అక్కడి మ్యూజియానికి తీసుకెళ్లే లాంచీల వైపు నడిచాం. పిల్లల నెత్తిన కొత్త టోపీలు, అక్క చేతిలో పులిహోర డబ్బా. జనం పెద్దగా లేరు. ముందే వచ్చాం, మంచిదైంది అనుకున్నా. ఉడకబెట్టిన పల్లీలు అమ్మే అవ్వ మమ్మల్ని ఎగాదిగా చూసి, "కొండకా బిడ్డా? ఇయ్యాల శుక్రవారం గద, మ్యూజియం బంద్" అంది.

నేను అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "నల్లగొండోన్ని అవ్వా, నాకు తెల్వదా" అన్నాను, గట్టిగా, అందరూ వినేలా.

"నల్లగొండోనివైతే నీకే ముందు తెల్వాలె గద!"

చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. డ్రైవర్ నవ్వాడు. బావ నవ్వలేదు, అదే నన్ను చంపింది. తాపీగా పల్లీలు కొని, నాకూ ఓ పొట్లం ఇచ్చి, "పర్లేదులేవోయ్ బావమరిదీ, మీ ఊరిదేగా, మళ్లీ ఎప్పుడైనా చూపిద్దువుగాని" అన్నాడు. వాళ్లకు మర్నాడే రైలు. ఆ వెంటనే కాకినాడలో వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసి స్పీకర్‌లో మొత్తం కథ వినిపించాడు.

చదివిందంతా వృథా పోనివ్వలేక గట్టు మీదే నిలబెట్టి పిల్లలకు పాఠం చెప్పాను. చిన్నది ఓపికగా విని, "మామయ్యా, మరి బుద్ధుడెక్కడ?" అంది. నీళ్ల అవతలికి చెయ్యి చూపించాను. ఇంకేం చెప్పను?

"ఏ రోజైనా పోవచ్చు" అని నాకు భరోసా ఇచ్చిన స్నేహితుడు బడిపిల్లల్ని ఏటా ఆదివారం తీసుకెళ్తాడట. మూడుసార్లు ఫోన్ చేశా, ఎత్తడు. ఎవరి మాటా నమ్మకండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, గోడ మీద రాసుకోండి. గేట్ల వీడియోలు వాట్సాప్‌లో చూసి కూడా బయల్దేరకండి, నిరుటివి తిప్పుతుంటారు. జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు, పేపర్లో ఇవాళ ఎంత ఉందో చూసుకుని కదలండి.

బావే ఎత్తిపోతల జలపాతానికి పోదామన్నాడు. పదకొండు కిలోమీటర్లు, చంద్రవంక వాగు డెబ్బై అడుగుల మీంచి దూకుతుంది. పిల్లలు ఎగిరి గంతేశారు. అది పల్నాడు జిల్లా, అంటే ఆంధ్రా. బావకు ఇంకేం కావాలి! "చూశావా, మా వైపు నీళ్లకి శుక్రవారం సెలవుండదోయ్." దారిలో ఒక హోటల్లో చేపల వేపుడు తిన్నాం. ముందే ధర అడగండి, నేను అడగలేదు.

తిరుగుదారిలో హాలియాలో టీకి ఆగాం. పెద్దమ్మాయి ఫోన్లో మ్యాప్ చూస్తూ, "నాన్నా, ఆ నాగార్జునకొండ కూడా పల్నాడు జిల్లాలోనే ఉందిగా" అంది. "అంటే ఇవాళ సెలవు పెట్టింది మన వైపేనా?"

బావ కాసేపు టీ ఊదుకున్నాడు. డబ్బులు ఆయనే ఇచ్చాడు.