కోడి మెడలు, పచ్చి పులుసు

వీధికుక్కల్ని పట్టి షెల్టర్‌కు తెచ్చే పని మాది. తెల్లారకముందే హైదరాబాద్‌లో మౌలాలి వైపు బండి తీశాం. స్కూలు బస్సులు మొదలయ్యాయంటే కుక్కలు సందుల్లోకి జారిపోతాయి, ఇక దొరకవు. వల వెయ్యడంలో డ్రైవరన్న చెయ్యి తిరిగినవాడు. నాకేమో కుక్కలకంటే మనుషులతోనే పని ఎక్కువ.

ఇవాళ కూడా ఒక పెద్దమ్మ గేటు దగ్గరే ఆపేసింది. "పట్టుకపోతున్నరు బాగనే ఉంది. మల్ల గిక్కడ్నే తెచ్చి ఎందుకు ఇడుస్తరు?"

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదలాలని కేంద్రం 2023 నాటి నిబంధనలు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, రేబిస్ ఉన్నవాటినీ మీద పడి కరిచేవాటినీ మినహాయించి, అదే మాట అంది. అదే ఏడాది నవంబరులో మాత్రం, బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లలో పట్టినవాటిని అక్కడ వదలొద్దంది. ఇదంతా పెద్దమ్మకెందుకు? "వీటిని తీసేస్తే పక్క వీధివి వచ్చి కూర్చుంటయ్ పెద్దమ్మా, వాటికి టీకాలుండవ్" అన్నాను. "పక్క వీధివా! అవి మరీ దొంగ ముండలు" అంటూ గేటు తీసింది.

షెల్టర్‌కు వచ్చేదారిలో చికెన్ షాపు. నాకు కష్టమైన పని ఇదే. నేను మాంసం మానేసి చాలా ఏళ్ళు, తర్వాత పాలూ నెయ్యీ మానేశాను. కానీ షాపతను నన్ను చూడగానే మెడలూ కాళ్ళూ కవర్లో వేస్తాడు. కుట్లు పడ్డ కుక్క పప్పన్నం ముట్టదు. నూకల్లో పసుపూ కోడి ముక్కలూ వేసి ఉడికిస్తేనే లేచి తింటుంది. ఆరు వారాలకు అటూ ఇటూగా కోతకొచ్చే బాయిలర్ కోడి కూడా జంతువే కదా అని ఎవరైనా అడిగితే, అవును, జంతువే. ఆ గిన్నె కలుపుతున్నంతసేపూ ఆ సంగతి నాకు గుర్తుంటుంది. అయినా కలుపుతాను.

మా భోజనం మధ్యాహ్నం ఎప్పటికో. పేపర్లు పరుచుకుని అందరం కిందే కూర్చుంటాం. వంటక్క పచ్చిమిరపకాయల్ని మంట మీద కాల్చి, ఉల్లిపాయతో కలిపి చేత్తో పిసికి, చింతపండు రసం పోసి, వేయించిన నువ్వుల పొడి చల్లుతుంది. దీన్ని పొయ్యి మీద పెట్టకూడదు, పెడితే పచ్చి పులుసు కాదు. పక్కన ముద్దపప్పు, డ్రైవరన్న ఇంటి నుంచి వచ్చిన సర్వపిండి. పెళ్ళిళ్ళలో ప్రతి గిన్నె దగ్గరా ఆగి "నెయ్యి వేశారా" అని అడిగీ అడిగీ చుట్టాలకు విసుగు తెప్పించాను. ఇక్కడ నాకోసం ఎవరూ ఏదీ మార్చలేదు. ఈ తిండి ఎప్పట్నుంచో ఇలాగే ఉంది. ఇంట్లో అమ్మ మాత్రం ఇప్పటికీ "ఒక్క చుక్కే కదే" అంటూ నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడుతుంది.

డాక్టరుగారు ఆపరేషన్లు ముగించుకుని ఆలస్యంగా వచ్చారు. పులుసు గిన్నె ఆయన వైపు జరిగి, మళ్ళీ తిరిగి రాలేదు.

డ్రైవరన్న పెరుగు లేనిదే లేవడు. నేను పల్లీల పాలు తోడేసి చేసిన పెరుగు ఒక చెంచా నాలిక మీద పెట్టుకుని, "అక్కా, ఇది పులిసిన పల్లి చట్నీ లెక్కుంది" అన్నాడు. అలాగే ఉంది మరి. రేపు మిరప తొడిమలు ఇంకో నాలుగు ఎక్కువ వేసి తోడు పెట్టి చూడాలి.