లేక్ ఐర్, విలియమ్ క్రీక్: నేను ప్రయాణానికి ఎలా సిద్ధమవుతానంటే (నా అనుభవం)

దక్షిణ ఆస్ట్రేలియాలోని కాటి తాండా–లేక్ ఐర్ చూడాలనుకునే మనవాళ్లు ముందు అడిగేది "ఇప్పుడు నీళ్లున్నాయా?" అని. నేనైతే ముందు దారి తెరిచి ఉందో లేదో చూస్తాను. ఈ రెండూ వేర్వేరు సంగతులు. సరస్సుకు నీళ్లు ప్రధానంగా క్వీన్స్‌లాండ్ వానల నుంచి వస్తాయి. డయమంటీనా, జార్జినా, కూపర్ క్రీక్ నదుల వెంట పారి ఇక్కడికి చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. 2025 మార్చి వరదల నీళ్లూ అలాగే మెల్లగా వచ్చాయి. దారి మూతపడటానికి మాత్రం ఇక్కడ పడే కొద్దిపాటి వానే చాలు. తడిసిన బంకమట్టి టైరు గాడుల్లో నిండిపోతే టైరు నున్నగా అయిపోయి బండి పక్కకు జారుతుంది. అందుకే రాష్ట్ర రవాణా శాఖ ఇచ్చే ఫార్ నార్త్ (రాష్ట్రంలోని ఉత్తర ప్రాంతం) రోడ్ల సమాచారాన్ని బయల్దేరే ముందు, మళ్లీ దారిలో వచ్చే మారీ ఊళ్లో చూసుకుంటాను. ప్లాన్‌లో రెండు రోజులు ఖాళీగా ఉంచుతాను. మూసిన రోడ్డు మీద వెళ్తే జరిమానా తప్పదు.

మే నుంచి ఆగస్టు వరకు మంచి కాలం. అక్కడి వేసవిలో (డిసెంబరు–ఫిబ్రవరి) ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఆ నెలల్లో వద్దే వద్దు.

అడిలైడ్ నుంచి పోర్ట్ అగస్టా, హాకర్, లీ క్రీక్, లిండ్‌హర్స్ట్ మీదుగా మారీకి దాదాపు 700 కిలోమీటర్లు. ఒక రాత్రి హాకర్‌లో ఆగడం మేలు. చీకటి పడ్డాక కంగారూలు, పశువులు రోడ్డెక్కుతాయి కాబట్టి పొద్దు వాలేలోపు బండి ఆపేయాలి. మారీ నుంచి ఊడ్నడాటా ట్రాక్ అనే మట్టిరోడ్డు మీద విలియమ్ క్రీక్ సుమారు 200 కిలోమీటర్లు, మధ్యలో పెట్రోలు దొరకదు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది ఉండే ఊరు అది. ఒక హోటల్, పెట్రోలు, ఎయిర్‌స్ట్రిప్ ఉన్నాయి. నీళ్లొచ్చిన ఏడాది గదులు చాలా ముందే నిండిపోతాయి, అందుకే గది తర్వాతే మిగతా బుకింగులు.

అద్దె కారైతే ఒప్పందంలో మట్టిరోడ్ల సంగతి చదవండి. చాలా బీమా పాలసీలు వాటికి వర్తించవు, ఫోర్ వీల్ డ్రైవ్ అయినా సరే. రెండు స్పేర్ టైర్లు, ప్రెషర్ గేజ్, 12 వోల్టుల కంప్రెసర్, పార, శాటిలైట్ ఫోన్ పెట్టుకోండి. ఊళ్లు దాటితే మొబైల్ సిగ్నల్ ఉండదు. మనిషికి రోజుకు 10 లీటర్ల నీళ్ల లెక్కన, ఖాళీగా ఉంచిన రోజులకూ కలిపి తీసుకెళ్లాలి.

టైర్లలో గాలి విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. కంకర రోడ్డు మీద 28–30 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంచి నెమ్మదిగా పోతే రాళ్లకు టైరు కోసుకుపోవడం తగ్గుతుంది. మెత్తటి ఇసుకలో 18–20కి దించాలి, అప్పుడు టైరు వెడల్పై ఇసుక మీద తేలుతుంది. గట్టి రోడ్డెక్కగానే మళ్లీ గాలి నింపాలి.

విలియమ్ క్రీక్ దగ్గర చీలి సరస్సు ఒడ్డునున్న హాలిగన్ బే పాయింట్‌కు వెళ్లే దారి సుమారు 60 కిలోమీటర్లు. 1998 డిసెంబరులో ఒక ఆస్ట్రియా యువతి, బండి ఇసుకలో దిగబడితే నడిచి బయల్దేరి ఈ దారిలోనే చనిపోయింది. బండి దగ్గరికి తిరిగి వెళ్లిన సహచరుడు బతికాడు. బండి ఆగిపోతే దాన్ని వదలకండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో హోటల్లో చెప్పి కదలండి.

ఈ సరస్సు ఇక్కడి ఆదివాసులైన అరబానా ప్రజలకు పవిత్రం. 2012లో కోర్టు ఈ నేలపై వాళ్ల హక్కును గుర్తించింది. సరస్సు నేల మీద నడవడం, ఈదడం, పడవ వేయడం, బండి తోలడం నిషేధం. ఒడ్డు నుంచి చూడాలి. నిజానికి ఒడ్డున ఎక్కువగా కనిపించేది ఉప్పు, ఎండమావి. సరస్సు రెండు భాగాల్లో పెద్దదైన ఉత్తర సరస్సు ఒక్కటే 144 కిలోమీటర్ల పొడవు. దాని పరిమాణం, నీటిలో గులాబీ చారలు విలియమ్ క్రీక్ నుంచి ఎగిరే చిన్న విమానం నుంచే తెలుస్తాయి. డబ్బు ఒక్కదానికే సరిపోతే హాలిగన్ బే మానేసి విమానమే ఎక్కండి. ఉదయం వేళ కుదుపులు తక్కువ. చిన్న విమానాలు గనుక మీ బరువు అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పండి.

శాకాహారులకు హోటళ్లలో దొరికేవి తక్కువ. బియ్యం, పప్పు, పులిహోర పేస్టు, చిన్న గ్యాస్ స్టవ్ ఉంటే ఇబ్బంది ఉండదు. మెల్‌బోర్న్, సిడ్నీల నుంచి కారులో వచ్చేవాళ్లు టమాటాలు, పచ్చిమిర్చి, పండ్లు తేవద్దు. ఫ్రూట్ ఫ్లై (పండ్లను పాడుచేసే ఈగ) భయంతో రాష్ట్రంలోకి వచ్చే దారిలోని తనిఖీ కేంద్రాల్లో తీసేసుకుంటారు. కూరగాయలు పోర్ట్ అగస్టాలో కొనుక్కోండి, అది దాటాక పెద్ద సూపర్ మార్కెట్ లేదు.