పాల సంచీ నాన్న దగ్గరే ఉంది

ఆర్నెల్ల తర్వాత మళ్ళీ వాకింగ్ మొదలెట్టాను. మొదలెట్టాను అంటే ఏదో ఘనంగా ఊహించుకోకండి, మొదటిరోజు నేను నడిచింది మన వైజాగ్ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ ముక్కు దగ్గర్నుంచి తోక దాకా, మళ్ళీ తోక దగ్గర్నుంచి ముక్కు దాకా, అంతే. కురుసుర అంటారు దాన్ని, పొడవు 91 మీటర్లు, అంటే రానూపోనూ కలిపి 180 చిల్లర. దానికే పిక్క పట్టేసి, చెమటలు కారిపోయి, గట్టు మీద కూలబడిపోయాను. స్కూటీ మీద దింపడానికొచ్చిన మా ఆయన "అయిపోయిందా?" అన్నాడు, పాపం మామూలుగానే అడిగాడు, నాకు మాత్రం ఎక్కడో కాలింది.

ఒకప్పుడు ఇదే రోడ్డు మీద వుడా పార్క్ దగ్గర్నుంచి కాళీమాత గుడి దాకా వెళ్ళి వెనక్కొచ్చేదాన్ని, యాభై నిమిషాలు, మధ్యలో ఎక్కడా కూర్చోకుండా. పొద్దున్న బండ్లు రానివ్వరు కదా, రోడ్డంతా మనదే. రెండేళ్ళ పాటు వానొస్తే తప్ప మానలేదు. అందరూ "నీకెంత డిసిప్లినో" అనేవాళ్ళు, నేనూ అవును కదా అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసిందేంటంటే అది డిసిప్లిన్ కాదు, పాలు.

చెప్తాను.

అక్టోబర్లో తుఫాను వానలప్పుడు, వాకింగ్ అయిపోయి పాల సంచీతో అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతుంటే జారాను. రెండు అరలీటరు ప్యాకెట్లు, ఒకటి పగిలింది ఒకటి పగల్లేదు, కుడికాలి చీలమండ మాత్రం విరిగింది. మెట్ల మీద పాలల్లో కూర్చుని నేను మొట్టమొదట అనుకున్నది "అయ్యో ఒక ప్యాకెట్ మిగిలింది, తీసి ఫ్రిజ్‌లో పెట్టమనాలి" అని. నొప్పి తర్వాతొచ్చింది. ప్లేటు వెయ్యక్కర్లేదన్నారు, ఆరు వారాలు పిండికట్టు. విప్పాక చూస్తే పిక్క ఏదీ, చింతబరికెలాగుంది! రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే అక్కాచెల్లెళ్ళు కూడా కాదు, దూరపు చుట్టాల్లాగున్నాయి. కదలకుండా ఉంటే కండ అంత తొందరగా కరిగిపోతుందిట, గుండె దమ్ము కూడా రెండు మూడు వారాల్నుంచే తగ్గడం మొదలెడుతుందిట.

ఫిజియో అమ్మాయి ఇచ్చిన ఎక్సర్‌సైజుల్లో ఒకటి నాకు భలే నచ్చింది. కాలు గాల్లో పెట్టి బొటనవేలితో అక్షరాలు రాయాలి, మోకాలు కదిలించకుండా, పాదం మాత్రమే తిప్పుతూ. ఆ అమ్మాయి ఏబీసీడీలు రాయమంది, నేను ఇంటికొచ్చి అఆఇఈలు రాశాను. అ, ఆ బానే ఉంటాయి. ఇ దగ్గర కొంచెం లాగుతుంది. ఋ దగ్గరకొచ్చేసరికి ప్రాణం పోతుంది, ఆ మెలికలు ఎవడు కనిపెట్టాడ్రా బాబూ అనిపించింది. మావాడు పక్కన సోఫాలో కూర్చుని "అమ్మా ౠ కూడా రాయి, ఎగ్గొట్టకు" అని డిక్టేషన్ ఇచ్చేవాడు. వాడికి తెలుగు అక్షరమాల పూర్తిగా వచ్చింది నా చీలమండ పుణ్యమే.

డాక్టరుగారు జనవరిలోనే చెప్పేశారు, నడవండమ్మా, భయం లేదు, మెల్లగా పెంచుకోండి అని. మరి నేను మొదలెట్టింది ఎప్పుడు, ఏప్రిల్లో. మధ్యలో మూడు నెలలు ఏం చేశానయ్యా అంటే సంక్రాంతి వెళ్ళనీ అన్నాను, సంక్రాంతి వెళ్ళాక మంచు తగ్గనీ అన్నాను, శివరాత్రి వెళ్ళనీ అన్నాను, ఆ తర్వాత మావాడి పరీక్షలు, సరే ఉగాది నుంచి మంచి రోజు కదా అనుకున్నాను. ఉగాదినాడు తలంటుకుని పచ్చడి తినీసి, పొట్ట నిండా బొబ్బట్లు తినీసి, ఇవాళేం నడుస్తాంలే రేపట్నుంచి అనీసి పడుకున్నాను. అలారం పెట్టుకునేదాన్ని, మోగేది, ఆపేసేదాన్ని. లేచి ఏం చెయ్యాలో తెలిసేది కాదు, అదీ సంగతి. ఇదివరకు అలారమే లేదు నాకు.

మొత్తానికి ఏప్రిల్లో ఎలాగోలా పడ్డాను. అసలే ఏప్రిల్, మన ఉక్కపోత తెలుసు కదా, పొద్దున్న అయిదున్నరకే జాకెట్టు వీపుకి అతుక్కుపోతుంది. పాత బ్యాచ్ కలిశారు, ముగ్గురు. నన్ను చూసి సంతోషించి నాతోపాటు మెల్లగా నడిచారు. అంతకన్నా నరకం ఇంకోటి లేదు. వాళ్ళు స్పీడు తగ్గించుకుని, మాటల్లో పెట్టి, నాకు తెలీకుండా తెలిసేలాగ ఆగుతూ... నాలుగోరోజు నేనే చెప్పేశాను, మీరెళ్ళండి నేను నెమ్మదిగా వస్తాను అని. ఇక దార్లో ప్రతి ఒక్కరూ "ఏమైపోయారండీ ఇన్నాళ్ళూ" అని. మొదట్లో మెట్లు, పాలు, తుఫాను అన్నీ వివరంగా చెప్పాను, పదోవాళ్ళ దగ్గరకొచ్చేసరికి "కాలు" అని చూపించి ఊరుకున్నాను. అందరి దగ్గరా మందుంది మళ్ళీ. నల్లేరు పచ్చడి తినమని ఒకావిడ, పీతల పులుసు తాగమని ఇంకొకాయన, అసలు ముందే పుత్తూరు కట్టుకి వెళ్ళాల్సిందని రాగిజావ బండి అతను. ఇక్కణ్ణించి పుత్తూరు ఎంత దూరమో ఏమో, అతనికి నా ఎముక మీద ఉన్న శ్రద్ధకి మాత్రం ఒక గ్లాసు జావ ఎక్కువ తాగాను.

మా చిన్నాన్న కూతురు ఫార్వార్డు పంపింది, 21 రోజులు వదలకుండా చేస్తే ఏదైనా అలవాటైపోద్దని. సరే అని కిరాణా కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండర్లో టిక్కులు పెట్టుకుంటూ, ఏడుస్తూ మూలుగుతూ 21 రోజులు లాగించాను. ఇరవైరెండోరోజు పొద్దున్న ఏదో జరిగిపోతుందనుకున్నా. ఏం జరగలేదు, సుబ్బరంగా నిద్రొచ్చింది. కోపమొచ్చి ఈ 21 సంగతేంటో చూద్దామని నెట్లో వెతికితే, 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జను, ఆపరేషన్ అయినవాళ్ళకి కొత్త మొహం అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడుట. ఆ "కనీసం" ఎక్కడో జారిపోయింది, మొహం కూడా జారిపోయింది, చివరికి నా వాట్సాప్‌కి 21 మాత్రం చేరింది. లండన్‌లో నిజంగానే 96 మంది మీద చూశార్ట, 2009లో వచ్చింది ఆ పేపరు. వాళ్ళకి సగటున 66 రోజులు పట్టింది, ఒకళ్ళకి 18 అయితే ఇంకొకళ్ళకి 254 దాకా లెక్క తేలిందిట. మధ్యలో ఒకరోజు తప్పినా కొంప మునిగిపోదని కూడా అందులోనే ఉంది, ఆ ముక్క నేను మా ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను.

కానీ నాకు గుచ్చుకున్నది ఆ అంకెలు కాదు. ఆ 96 మందీ ఊరికే "రోజూ చేస్తాను" అనుకోలేదు, రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి దాన్ని ముడేసుకున్నారు, టిఫిన్ తిన్నాక, అలా. అప్పుడు వెలిగింది నాకు. నా ముడి పాలది. పొద్దున్న పాలు లేకపోతే ఇంట్లో కాఫీ లేదు, కాఫీ లేకపోతే ఇంట్లో మనుషులు లేరు. పాలకి లేవాలి కాబట్టి లేచేదాన్ని, లేచాను కాబట్టి అటునుంచటే బీచ్‌కి దిగీసేదాన్ని, వచ్చేటప్పుడు బూత్‌లో ప్యాకెట్లు తీసుకునేదాన్ని.

ఆ పాలు ఇప్పుడు మా నాన్న తెస్తున్నారు.

నాన్న షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక మల్కాపురం ఇల్లు అద్దెకిచ్చి పెదవాల్తేరు మా దగ్గరకొచ్చారు. జన్మంతా సైరన్‌కి లేచిన మనిషి, ఇక్కడ నాలుగింటికే లేచి హాల్లో చీకట్లో కూర్చునేవారు, లైటేస్తే మాకు నిద్ర చెడిపోద్దని. ఏదైనా చెప్దామన్నా ఎవరూ లేచి ఉండరు. నేను అయిదింటికి సంచీ తీసుకుని వెళ్తుంటే "వెళ్తన్నావా తల్లీ" అనేవారు, అంతే ఆ పూటకి మాట. నేను పడ్డ మర్నాడు "పాలు నేను తెస్తాలే" అన్నారు. మొదట్లో ఫుల్ క్రీమ్ బదులు టోన్డ్ తెచ్చేవారు, ఒకరోజు పెరుగు తెచ్చారు. తర్వాత తర్వాత పాలతో పాటు కొత్తిమీర, పేపరు, ఎదురింటివాళ్ళ కోడలికి కాకినాడలో ఉద్యోగమొచ్చిందన్న కబురు, అన్నీ వచ్చేవి. నేను పదకొండేళ్ళుగా ఉంటున్న వీధిలో నాకు తెలిసినవాళ్ళకన్నా ఈ ఆర్నెల్లలో ఆయనకి తెలిసినవాళ్ళే ఎక్కువ.

నేను ఇవన్నీ చూసి కూడా, నా ముడి దొరికిందన్న ఉత్సాహంలో, ఒకరోజు ఆయన బాత్రూంలో ఉండగా తలుపు వెనకాల కొక్కెం నుంచి సంచీ తీసీసుకుని వెళ్ళిపోయాను. నిజంగానే హాయిగా నడిచాను ఆరోజు, కురుసుర దాటి ఎంతో ముందుకెళ్ళాను. బూత్ దగ్గర ఆవిడ నా మొహం కూడా చూడకుండా వెనక్కి చూసి "ఏటమ్మా, నాన్నగారు రాలేదేటి, ఒంట్లో బాగోలేదా?" అంది. బల్ల మీద ఇద్దరు పెద్దాయన్లు పేపరు మడిచి పక్కన జాగా ఉంచి కూర్చున్నారు. బాగానే ఉన్నారండి అన్నాను. ప్యాకెట్లు ఇచ్చింది గానీ అనుమానంగానే ఇచ్చింది.

ఇంటికొస్తే నాన్న చొక్కా వేసుకుని, చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడున్నారు. కొక్కెం వైపు చూశారు, నా చెయ్యి వైపు చూశారు. "తెచ్చీసేవా" అన్నారు. "చిల్లర సరిగ్గా ఇచ్చిందా" అన్నారు. అంతే ఇంకేం అనలేదు. చెప్పులు విప్పి చాలా జాగ్రత్తగా గోడవార పెట్టారు. ఆరోజు పేపరు మధ్యాహ్నం దాకా మడత విప్పలేదు.

మా ఆయనతో చెప్తే "పాలే కదా, చెరో రోజు తెచ్చుకోండి" అన్నాడు. మగవాళ్ళకి అన్నీ రేషన్ లెక్కలే.

మర్నాడు నేనే సంచీ తీసి ఆయన చేతికిచ్చి "బూత్ దాకా నేనూ వస్తాను నాన్నా" అన్నాను. "నీకెందుకమ్మా, కాలు నొప్పెడతాది" అన్నారు గానీ లిఫ్ట్ దగ్గర నాకోసం తలుపు పట్టుకుని నిలబడ్డారు. అప్పట్నుంచీ అదే వరస. అయిదూ పదికి ఇద్దరం దిగుతాం. బూత్ పట్టుమని నాలుగొందల అడుగులు కూడా ఉండదు, దానికి మాకు పావుగంట పడుతుంది, ప్రతి గేటు దగ్గరా ఆయన ఆగాలి, ఒక వాచ్‌మన్‌ని పలకరించాలి, ఒక కుక్కకి బిస్కెట్ వెయ్యాలి. మొదట్లో కాళ్ళు పీకేవి, ఇప్పుడు అదే నా వార్మప్. ఆయన్ని బల్ల మీద పెద్దాయన్లకి అప్పజెప్పి నేను బీచ్‌కి దిగుతాను. దిగడం సుఖం, ఎక్కడమే ఉంది కష్టం, మన ఊళ్ళో ఏ వీధి తీసుకున్నా ఎగుడో దిగుడో తప్ప సమంగా ఉండదు కదా, ఆ పెదవాల్తేరు ఎత్తు ఎక్కేటప్పుడు పిక్క ఇంకా అరుస్తుంది. వచ్చేసరికి నాన్న సంచీతో రెడీగా ఉంటారు. ప్యాకెట్లు నన్ను పట్టుకోనివ్వరు, మెట్లు కూడా నన్ను ఎక్కనివ్వరు, లిఫ్టే.

ఒక ఆదివారం నాన్నని కూడా సబ్‌మెరైన్ దాకా తీసుకెళ్ళాను. ముక్కు దగ్గర నిలబడి పైనుంచి కిందకి వెల్డింగ్ అతుకులు చూసుకుంటూ వచ్చారు, వెయ్యి మంది ఫోటోలు దిగుతుంటే ఈయన అతుకులు చూస్తున్నారు. ఇది 2001లో రిటైరయింది నాన్నా అన్నాను. "ఊఁ, నాకన్నా ముందే" అన్నారు.

ఇప్పటికి 58 రోజులైంది. అందులో తొమ్మిది మానేశాను, ఒకటి పెళ్ళికి, రెండు జ్వరానికి, మిగతావి ఊరికే. కాళీమాత గుడి ఇంకా చేరలేదు, ఆ దార్లో ఒక చెట్టుంది, దాని దగ్గర్నుంచి వెనక్కి తిరుగుతున్నాను. క్యాలెండర్లో టిక్కులు మానేశాను, ఆ గళ్ళల్లో ఇప్పుడు నాన్న పాల లెక్క రాసుకుంటున్నారు.

మొన్న గురువారం అయిదింటికి పెద్ద వాన. ఈదురుగాలి, కరెంటు పోయింది. నేను లేచి హాల్లోకొస్తే నాన్న చొక్కా వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, బాల్కనీ తలుపు తీసుకుని కూర్చున్నారు. నేను బూట్లు వేసుకునే వచ్చాను. ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. "తగ్గేలా లేదు" అన్నారు. "చూద్దాం" అన్నాను. ఆరింటి దాకా అలాగే కూర్చున్నాం, అప్పుడు మా ఆయన లేచొచ్చి చీకట్లో మా ఇద్దర్నీ చూసి, కాఫీ లేదా ఇవాళ అన్నాడు.