పాముకాటుకు పబ్‌మెడ్‌లో ఎన్ని పేర్లు?

వానాకాలంలో పత్తి చేలల్లో, వరి మళ్లల్లో పాముకాట్లు ఎక్కువ. అందుకే వరంగల్ వైపు పీజీలకు ఇది తగిన థీసిస్ అంశం. పాము కరిచాక కిడ్నీ దెబ్బతినడం మీద పేపర్లు కావాలనుకోండి. వైద్య పేపర్లు వెతికే వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో ‘స్నేక్‌బైట్ కిడ్నీ’ అని కొట్టి, మొదటి పేజీలో కనిపించినవే దించుకుంటే లిటరేచర్ రివ్యూ అక్కడే కుంటుపడుతుంది.

పబ్‌మెడ్ తెరవకముందే కాగితం మీద మాటలు పోగేయండి. స్నేక్‌బైట్ అని కలిపి రాసేవాళ్లున్నారు, విడదీసి రాసేవాళ్లున్నారు, ఎన్‌వెనమింగ్, ఎన్‌వెనమేషన్ (విషం ఎక్కడం) అనేవాళ్లూ ఉన్నారు. కిడ్నీ దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. ఇప్పటి ‘అక్యూట్ కిడ్నీ ఇంజురీ’ పాత పేపర్లలో ‘అక్యూట్ రీనల్ ఫెయిల్యూర్’. ఆ మాట మరిస్తే పాత కేస్ సిరీస్‌లు చాలా జారిపోతాయి. మందు విషయానికొస్తే, పాము విషానికి విరుగుడును వార్డులో మనం ఏఎస్‌వీ (యాంటీ స్నేక్ వెనమ్) అంటాం, పేపర్లకు అంశాల వారీగా తగిలించే పదాల జాబితా అయిన మెష్ పదకోశంలో అది ‘యాంటీవెనిన్స్’. ఏఎస్‌వీ అని మాత్రమే వెతికితే, అదే పొట్టిపేరున్న, స్లీప్ ఆప్నియాకు (నిద్రలో ఊపిరి ఆగడానికి) వాడే వెంటిలేషన్ పేపర్లు కూడా వచ్చి పడతాయి.

ఒకే అర్థమున్న మాటల మధ్య ‘ఆర్’ పెట్టి బ్రాకెట్లో బంధించండి. పాముకాటు గుంపుకీ కిడ్నీ గుంపుకీ మధ్య ‘ఆండ్’. ‘ఆర్’, ‘ఆండ్’ రెండూ ఇంగ్లిష్ క్యాపిటల్ లెటర్స్‌లోనే ఉండాలి. ప్రతి గుంపులో మెష్ పదంతో పాటు టైటిల్, అబ్‌స్ట్రాక్ట్‌లలో వెతికే మాటలూ ఉండాల్సిందే. ఎందుకంటే మెడ్‌లైన్‌లో (పబ్‌మెడ్‌లో మెష్ పదాలు తగిలించే ప్రధాన భాగం) లేని జర్నల్ నుంచి, పూర్తి పేపర్లు ఉచితంగా ఉంచే పబ్‌మెడ్ సెంట్రల్ ద్వారా చేరిన పేపర్‌కు మెష్ ముద్ర ఉండదు. ‘హ్యూమన్స్’ ఫిల్టర్ నొక్కినా అవే ఎగిరిపోతాయి, అందుకని దాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

‘ఎన్‌వెనమ్’ తర్వాత స్టార్ గుర్తు పెడితే దాని రూపాలన్నీ వస్తాయి. స్టార్ ముందు కనీసం 4 అక్షరాలుండాలి. అయితే స్టార్ గానీ కొటేషన్ గుర్తులు గానీ పెట్టిన మాటకు పబ్‌మెడ్ తనంతట తాను మెష్ పదం జోడించదు. అడ్వాన్స్‌డ్ పేజీలో హిస్టరీ కింద డీటెయిల్స్ విప్పితే మీ మాటల్ని అది ఎలా అర్థం చేసుకుందో తెలుస్తుంది. వెతికిన ప్రతిసారీ అది చూడండి.

గూగుల్ స్కాలర్ మొదటి 1000 ఫలితాలు దాటి చూపదు. దొరికిన మంచి పేపర్‌ను తర్వాత ఎవరెవరు ఉటంకించారో చూడ్డానికి మాత్రం చాలా పనికొస్తుంది.

ఫుల్ టెక్స్ట్‌కు డబ్బు కట్టేముందు లైబ్రేరియన్‌ను అడగండి. 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు చాలా జర్నల్స్ తెరుచుకున్నాయి.

వెతికిన తేదీ, కొట్టిన మాటల వరుస ఉన్నదున్నట్టు, వచ్చిన పేపర్ల సంఖ్య, ఈ మూడూ అదే రోజు ఫైల్‌లో రాసిపెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత గైడ్ అడిగేది వాటినే.