శ్వాసక్రియ చాప్టర్: అంకెలు బట్టీ పట్టకుండా నేనెలా చదివానంటే

నీట్‌కి ప్రిపేరవుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, ముఖ్యంగా తెలుగు మీడియం బైపీసీ వాళ్లకి ఇది రాస్తున్నా. ఎన్‌సీఈఆర్‌టీలో ఇది 11వ తరగతి పాఠం. నేను ఇంటర్ చదివినప్పుడు మన తెలుగు అకాడమీ పుస్తకంలో సెకండియర్ జువాలజీలో ఉండేది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, నాలుగు పేజీల చాప్టరే గానీ ఎటు చూసినా అంకెలే.

నిర్మాణానికి ఒక్క బొమ్మ చాలు. ముక్కు, గ్రసని, స్వరపేటిక, వాయునాళం, శ్వాసనాళాలు, శ్వాసనాళికలు, వాయుగోణులు. చూడకుండా గీయడం వస్తే దాన్ని వదిలేయండి. వాయునాళం ఐదో ఉరః వెన్నుపూస దగ్గర రెండుగా చీలుతుందనీ, కుడి ఊపిరితిత్తికి మూడు లోబ్‌లు, ఎడమదానికి రెండే అనీ ఆ బొమ్మ పక్కనే రాసుకోండి.

ఇక ఊపిరితిత్తుల గాలి వాల్యూమ్‌లు. నిజానికి గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగే: టైడల్ (మామూలు శ్వాసలో వచ్చిపోయే గాలి) 500 మి.లీ., ఇన్‌స్పిరేటరీ రిజర్వ్ (ఆపైన గట్టిగా పీల్చగలిగేది) 2500-3000, ఎక్స్‌పిరేటరీ రిజర్వ్ (ఆపైన గట్టిగా వదలగలిగేది) 1000-1100, రెసిడ్యువల్ (అప్పటికీ లోపల మిగిలిపోయేది) 1100-1200. కెపాసిటీలన్నీ వీటి కూడికలే. మొదటి మూడూ కలిపితే వైటల్ కెపాసిటీ, దానికి రెసిడ్యువల్ కలిపితే మొత్తం కెపాసిటీ. ఎంత గట్టిగా ఊదినా రెసిడ్యువల్ గాలి బయటికి రాదు కాబట్టి ఊపిరి గాలిని కొలిచే స్పైరోమీటర్‌కి అది దొరకదు. అది కలిసిన కెపాసిటీలూ దొరకవు. స్పైరోమీటర్ మీద ఏ ప్రశ్న వచ్చినా మెలిక అక్కడే ఉంటుంది.

నేను ఎక్కువ టైమ్ పెట్టింది పాక్షిక పీడనాల (వాయువుల మిశ్రమంలో ఒక్కో వాయువు కలిగించే పీడనాల) పట్టిక మీద. అందరూ దాన్ని ఎక్కం అప్పజెప్పినట్టు చదువుతారు, రెండు రోజుల్లో 40, 45 తారుమారు. అంకెలకి బదులు తేడాలు చూడండి. వాయుగోణుల్లో ఆక్సిజన్ 104 (మి.మీ. పాదరసంలో), అక్కడికి వచ్చే రక్తంలో 40. అంటే 64 తేడా. కార్బన్ డయాక్సైడ్‌కి రక్తంలో 45, వాయుగోణుల్లో 40. తేడా 5 మాత్రమే! మరి ఇంత తక్కువ తేడాతో అది బయటికెలా పోతోంది? దాని ద్రావణీయత ఆక్సిజన్ కంటే 20-25 రెట్లు ఎక్కువ కాబట్టి. ఈ ఒక్క ప్రశ్న మీరే వేసుకుంటే పట్టిక, ద్రావణీయత పాయింట్ రెండూ కలిసే గుర్తుంటాయి. నిశ్చితం-కారణం (అసర్షన్-రీజన్) ప్రశ్నలు కూడా ఇలాంటి చోటే పుడతాయి.

హీమోగ్లోబిన్ ఎంత ఆక్సిజన్‌ని పట్టుకుందో చూపే గ్రాఫ్ కూడా అంతే. కణజాలాల దగ్గర ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ అయాన్లు, ఉష్ణోగ్రత ఎక్కువ. అక్కడ హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని వదలాలి, అందుకే గ్రాఫ్ కుడివైపు జరుగుతుంది. వాయుగోణుల దగ్గర అంతా రివర్స్. కుడి, ఎడమ అని కంఠస్థం చేస్తే ఎగ్జామ్ హాల్ టెన్షన్‌లో తిరగబడుతుంది, తప్పుకి మైనస్ ఒకటి.

కార్బన్ డయాక్సైడ్ రవాణాలో సుమారు 70 శాతం బైకార్బనేట్‌గా, 20-25 శాతం హీమోగ్లోబిన్‌తో కలిసి, 7 శాతం ప్లాస్మాలో కరిగి. ఈ బైకార్బనేట్ తయారీకి తోడ్పడే ఎంజైమ్ కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ ఎర్ర రక్తకణాల్లో చాలా ఎక్కువ, ప్లాస్మాలో కొద్దిగా. 'ప్లాస్మాలో అసలు లేదు' అనే ఆప్షన్ కనిపిస్తే ఆగి చదవండి.

వ్యాధుల్లో ఆస్తమా, ఎంఫైసీమా (వాయుగోణుల గోడలు దెబ్బతినే జబ్బు) తేలిక. వృత్తి సంబంధ వ్యాధుల పేరా మాత్రం చాలామంది దాటేస్తారు. మార్కాపురం పలకల పనివాళ్లకి వచ్చిన సిలికోసిస్ గురించి మన దగ్గర వినే ఉంటారు. ఏళ్ల తరబడి రాతి ధూళి పీల్చడంతో ఊపిరితిత్తుల్లో తంతు కణజాలం పెరిగిపోతుంది. పాఠంలో ఫైబ్రోసిస్ అని ఒక్క ముక్కలో తేల్చేసింది దీన్నే.

శ్వాస నియంత్రణకి పది నిమిషాలు చాలు. శ్వాస లయని నడిపే లయ కేంద్రం మెదడులోని మెడుల్లాలో, దాన్ని సర్దుబాటు చేసే న్యుమోటాక్సిక్ కేంద్రం మెదడులోనే పాన్స్‌లో. లయ కేంద్రం పక్కనున్న రసాయన గ్రాహక ప్రాంతం స్పందించేది కార్బన్ డయాక్సైడ్‌కీ హైడ్రోజన్ అయాన్లకీ. శ్వాస లయ నియంత్రణలో ఆక్సిజన్ పాత్ర నామమాత్రమే. ఆప్షన్లలో ఆక్సిజన్‌ని మొదట పెట్టి ఊరిస్తారు, జాగ్రత్త.