మా సర్వర్ రూమ్‌లో ఎండాకాలం

తిరుపతిలో మే నెల ఎండ సంగతి తెలిసిందే. రేణిగుంట రోడ్డు మీద ఉన్న మా ఆఫీసులో ఏసీలన్నీ ఫుల్‌లో పెట్టినా, ఒక ర్యాక్‌లో (సర్వర్లను ఒకదానిపై ఒకటి అమర్చే స్టాండు) పైన ఉన్న సర్వర్లు మాత్రం వేడి అలారం ఇస్తూనే ఉన్నాయి. ఇంకో ఏసీ కొనాల్సిందే అన్నారందరూ.

ర్యాక్ ముందు చెయ్యి పెట్టి చూశాను. కింద చల్లగా ఉంది, పైకి పోయేకొద్దీ వెచ్చగా తగిలింది. సర్వర్ ముందు నుంచి చల్లగాలి పీల్చుకుని వెనక నుంచి వేడిగాలి వదులుతుంది. మా ర్యాక్‌లో ఖాళీగా వదిలేసిన స్లాట్ల సందుల్లోంచి ఆ వేడిగాలే మళ్లీ ముందుకొస్తోంది. సందులన్నీ బ్లాంకింగ్ ప్యానెళ్లతో, అంటే ఖాళీ స్లాట్లకు బిగించే మూత పలకలతో మూసేసి, వెనక గాలికి అడ్డంగా వేలాడుతున్న కేబుళ్లను పక్కకి కట్టేశాం. అలారం ఆగిపోయింది! ఎంత హాయిగా అనిపించిందో.

గదిని 16కి దించాల్సిన పని కూడా లేదు. సర్వర్లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని ఆష్రే (ఏసీ ఇంజనీర్ల అమెరికా సంఘం) సిఫార్సు. కొలవాల్సింది గది మధ్యలో కాదు, సర్వర్ ముందు.

ఇక మిగిలిన టెన్షన్ కరెంటుతోనే. అది పోతే సర్వర్లు యూపీఎస్ మీద నడుస్తాయి, ఏసీలు ఆగిపోతాయి. జనరేటర్ అందుకునేదాకా గది వేడెక్కుతూనే ఉంటుంది. అందుకే ఏ ఏసీ తనంతట తాను మళ్లీ ఆన్ అవుతుందో, ఏది అవ్వదో ఒక్కొక్కటే ఆపి చూస్తున్నాను.